మా అమ్మాయి డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకుంటానంటోంది, పంపొచ్చా?

ప్రశ్న అడిగినవారు నర్సంపేట దగ్గర ఎరువుల షాపు నడుపుతున్న ఒక తండ్రి. వాళ్ల అమ్మాయి ఇంటర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) మొదటి సంవత్సరం పూర్తి చేసింది. సీఏ చేయిద్దామని ఎంఈసీలో చేర్పిస్తే, ఇప్పుడు డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతానంటోందట. "బీఏ చేస్తే ఏమొస్తుంది?" అని ఇంటికొచ్చిన ప్రతి బంధువూ అంటున్నారని రాశారు. ఆయన అడిగినవి మూడు: ఈ చదువుకు భవిష్యత్తు ఉందా, మ్యాథ్స్ అవసరమా, హనమకొండలో చదివిస్తే చాలా లేక హైదరాబాద్, ఢిల్లీ పంపాలా.

నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ పీజీ ఎంట్రన్సులు రాసే పిల్లలకు పాఠాలు చెబుతూనే ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పంపండి. కానీ రెండు షరతులు. మ్యాథ్స్ వదలకూడదు. మూడేళ్ల చదువు అనుకోకుండా ఐదేళ్ల చదువు అనుకుని ఇంట్లో లెక్క వేసుకోవాలి. ఈ రెండూ కుదిరితే మీ అమ్మాయి ఎంచుకున్నది మంచి చదువు. రెండూ కుదరకపోతే మీ బంధువులు అంటున్నదాంట్లో చాలావరకు నిజమే అవుతుంది.

మొదట ఈ సబ్జెక్టు ఏమిటో చెబుతాను. ఇంటర్ పుస్తకం చూసి ఎకనామిక్స్ అంటే నిర్వచనాలు, పంచవర్ష ప్రణాళికలు, పాయింట్లవారీగా కారణాలు, ఫలితాలు అని అనుకుంటారు. మంచి కాలేజీలో డిగ్రీ మొదలయ్యాక అది వేరే చదువు. మీకు తెలిసిన మిర్చి సంగతే తీసుకుందాం. 2023లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనూ గుంటూరులోనూ మేలు రకాలు క్వింటాకు ఇరవై వేలు దాటి పలికాయి. 2025 ఫిబ్రవరికి రేటు ఎంత పడిపోయిందంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాకు 11,781 రూపాయలు అని లెక్కకట్టి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. దీనికి ఊళ్లో అందరికీ తెలిసిన జవాబు ఒకటుంది: రేటు బాగుందని అందరూ మిర్చే వేస్తారు, పంట చేతికొచ్చేసరికి రేటు పడుతుంది. నిరుటి రేటు చూసి ఈ ఏటి సాగు నిర్ణయించుకోవడం వల్ల ధరలు ఇలా పైకీ కిందికీ ఊగుతాయని ఆర్థికవేత్తలు 1930లలోనే సిద్ధాంతంగా రాశారు. డిగ్రీ విద్యార్థి ఆ గ్రాఫు గీయడం నేర్చుకుంటుంది.

అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది. 2025 పతనానికి సాగు విస్తీర్ణమే కారణమా? కోల్డ్ స్టోరేజీల్లో మిగిలిపోయిన పాత సరుకు వాటా ఎంత? ఎగుమతులు తగ్గడం వల్ల ఎంత? అన్నీ ఒకేసారి జరుగుతున్నప్పుడు ఒక్కోదాని ప్రభావాన్ని విడదీసి చెప్పాలి. అలా చెప్పడానికి రోజువారీ మార్కెట్ ధరలు కావాలి, స్టాటిస్టిక్స్ కావాలి, తొందరపడి తీర్పు చెప్పని ఓపిక కావాలి. ఇవి నేర్పే చదువు ఎకనామిక్స్. మీ షాపు ముందు నిలబడి రైతులు వేసే ప్రశ్నలకు జవాబు వెతికే ఆసక్తి మీ అమ్మాయికి ఉంటే ఈ సబ్జెక్టు ఆమెకు సరిపోతుంది.

ఇక మ్యాథ్స్. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి దీన్ని వివరంగా రాస్తాను.

ఎంఈసీలో ఉండటం మీ అమ్మాయికి పెద్ద వరం. సీఏ కోసం చేర్పించినా సరే, మ్యాథ్స్, ఎకనామిక్స్ రెండూ చేతిలో ఉన్న గ్రూపు అదొక్కటే. మ్యాథ్స్ లేని సీఈసీ, హెచ్ఈసీ గ్రూపుల పిల్లలు ఎకనామిక్స్‌లో తెలివైనవాళ్లే అయినా పీజీ మెట్టు దగ్గర చాలా కష్టపడతారు.

మీ అమ్మాయి చదివే నాలుగు మ్యాథ్స్ పేపర్లలో ఏది దేనికి పనికొస్తుందో చెబుతాను. 1ఎలో మాత్రికలు ఉంటాయి. డిగ్రీ చివరికి వచ్చేసరికి ఎకనామెట్రిక్స్ (ఆర్థిక అంకెలను స్టాటిస్టిక్స్‌తో విశ్లేషించే సబ్జెక్టు) మొత్తం మాత్రికల మీదే నడుస్తుంది. 1బిలో అవకలజాలు (డెరివేటివ్‌లు), గరిష్ఠ కనిష్ఠాలు ఉంటాయి. ఉన్న డబ్బుతో కుటుంబం ఏమేం కొంటే ఎక్కువ తృప్తి, ఉన్న కూలీలు, యంత్రాలతో ఫ్యాక్టరీ ఎంత తయారుచేస్తే ఎక్కువ లాభం అన్నవి రెండూ గరిష్ఠం కనుక్కునే లెక్కలే. ఉపాంత వ్యయం, అంటే ఇంకొక్క యూనిట్ తయారుచేయడానికి అదనంగా అయ్యే ఖర్చు, మొత్తం వ్యయం ఫలానికి (ఫంక్షన్‌కు) అవకలజమే. డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనుగోలు ఎంత మారుతుందన్న కొలత) కూడా అవకలజం లేకుండా సరిగా రాయలేం. 2ఎలో సంభావ్యత (ప్రాబబిలిటీ), యాదృచ్ఛిక చలరాశులు, విస్తరణ కొలతలు ఉంటాయి. చాలా కాలేజీల్లో ఈ అధ్యాయాలను పరీక్షలో వచ్చే నాలుగు ప్రశ్నల కోసం పైపైన చెప్పేస్తారు. ఎకనామిక్స్ చదవబోయే పిల్లకు ఆ నాలుగు పేపర్లలోనూ అతి ముఖ్యమైనవి ఇవే. 2బిలో సమాకలనం, అవకలన సమీకరణాలు ఉంటాయి. అవి పీజీలో బాగా అవసరమవుతాయి. వృత్తాలు, శాంకవాలు ఆమెకు తర్వాత పెద్దగా తగలవు. అయినా మార్కుల కోసం చదవక తప్పదు.

మ్యాథ్స్ అంటే భయమైతే ఎలా అని కొందరు అడుగుతారు. సగటు మార్కులు వచ్చినా ఫర్వాలేదు, రోజూ కూర్చుని చేయగలిగితే చాలు. కానీ "మ్యాథ్స్ తప్పించుకోవచ్చు కదా అని బీఏ" అనే ఆలోచనతో మాత్రం ఎకనామిక్స్‌లోకి రాకూడదు.

మహబూబాబాద్ వైపు నుంచి హెచ్ఈసీ చదివి వచ్చిన ఒక అబ్బాయి నాకు బాగా గుర్తు. తెలుగు మీడియం. తరగతిలో అతను వేసే ప్రశ్నలు చాలా గట్టిగా ఉండేవి. రేషన్ బియ్యం ఊళ్లోకి వచ్చాక కూలీ రేట్లు ఎందుకు మారాయి అని రెండో సెమిస్టర్‌లోనే అడిగాడు. డిగ్రీలో కాలేజీకి ఫస్ట్ వచ్చాడు. తర్వాత సెంట్రల్ యూనివర్సిటీ ఎంట్రన్స్ పాత పేపరు చేతికిస్తే సగం ప్రశ్నలు చదివి అర్థం చేసుకోవడమే కష్టమైంది, ఎందుకంటే అన్నీ ఫలాలు, అవకలజాలు, సంభావ్యతలే. ఒక సంవత్సరం ఆగి, ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు తెచ్చుకుని మొదటి నుంచి చేశాడు. ఇప్పుడు జూనియర్ లెక్చరర్. ఆ ఒక్క సంవత్సరం అతని ఇంటికి చాలా భారమైంది. మీ అమ్మాయికి ఆ అవసరం రాదు, మ్యాథ్స్ చేయి జారనివ్వకపోతే చాలు.

స్టాటిస్టిక్స్ ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మన నేల మీద జరిగిన పరిశోధనల గురించి చెప్పాలి. ప్రపంచంలో ఎక్కడ అభివృద్ధి ఆర్థికశాస్త్రం చదివినా మన ఊళ్ల పేర్లు ఎదురవుతాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పల్లెల అధ్యయనం మొదలుపెట్టింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్రలో మరికొన్ని ఊళ్లు ఎంచుకుని, అవే కుటుంబాల ఆదాయం, ఖర్చు, పంట, కూలీ లెక్కలను ఏళ్ల తరబడి రాసుకున్నారు. అమెరికాలోని ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ ఆ లెక్కలతో 1994లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఒక ఇంటికి ఆదాయం పడిపోయిన ఏడు ఆ ఇంటి తిండి ఖర్చు కూడా అంతే పడిపోతుందా అన్నది ఆయన ప్రశ్న. అంత పడిపోదనీ, ఊరి మొత్తం పరిస్థితితో పాటే ఇంటి ఖర్చు ఎక్కువగా కదులుతుందనీ తేలింది. చేబదులు, చుట్టరికం, ఒకరికొకరు సర్దుకోవడం అంకెల్లో అలా కనిపించాయి.

ఇంకొకటి హైదరాబాద్ బస్తీల గురించి. 2005 ప్రాంతంలో 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం బస్తీల్లోనే ఒక సూక్ష్మరుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా ఏర్పాటు చేశారు. తర్వాత రెండు రకాల బస్తీలనూ పోల్చారు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కొంత పెంచుకున్నారు. కానీ కుటుంబాల మొత్తం ఖర్చు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. పిల్లల చదువులోనూ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులోనూ పెద్ద మార్పు కనిపించలేదు. ఆ అధ్యయనం చేసినవాళ్లలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. 2019లో నోబెల్ పొందిన ముగ్గురిలో వాళ్లిద్దరు. అలాగే ఉపాధి హామీ కూలీ డబ్బును వేలిముద్రల స్మార్ట్ కార్డుతో ఇస్తే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో పరీక్షించారు. కూలీ త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది.

లాటరీ ఎందుకు వేశారన్నదే ఇక్కడ అసలు పాఠం. అప్పు తీసుకున్నవాళ్లనూ తీసుకోనివాళ్లనూ ఊరికే పోలిస్తే మోసపోతాం. అప్పు కోసం ముందుకొచ్చేవాళ్లు మొదటి నుంచే చురుకైనవాళ్లు కావచ్చు, లేదా మరీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు కావచ్చు. తేడా అప్పు వల్ల వచ్చిందా, మనిషి వల్ల వచ్చిందా తెలియదు. మీ అమ్మాయి డిగ్రీ పూర్తయ్యేసరికి పేపర్లో ఏ సర్వే వార్త చదివినా "వీళ్లు ఎవరిని ఎవరితో పోల్చారు?" అని అడగగలిగితే ఆ డిగ్రీ సార్థకమైనట్టే. ఉద్యోగమిచ్చే కంపెనీలు కూడా దీనికే డబ్బులిస్తాయి. తగ్గింపు ధర ఇస్తే అమ్మకాలు పెరిగాయా, లేక పండగ వల్ల పెరిగాయా అన్నది వాళ్లకు రోజూ ఉండే ప్రశ్న.

ఎక్కడ చదివించాలి? నాలుగు రకాల దారులున్నాయి. అన్నీ అందరికీ తెరిచి ఉండవు.

మొదటిది మన దోస్త్ (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా హనమకొండ, వరంగల్ లేదా హైదరాబాద్ డిగ్రీ కాలేజీ. ఇందులో అన్నిటికంటే ముఖ్యం కాంబినేషన్. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ కలిపిన బీఏ గ్రూప్స్ పరీక్షలకు సరిపోతుంది, కానీ ఎకనామిక్స్ పీజీకి అది చాలదు. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ కలిసి ఉన్న కోర్సు కొన్ని కాలేజీల్లో దొరుకుతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు కంటే ముందు ఇది వెతకండి. ఆ కాంబినేషన్ ఉన్న మామూలు కాలేజీ, అది లేని పేరున్న కాలేజీ రెండూ ఎదురైతే నేను మొదటిదే ఎంచుకోమంటాను. చేరేముందు ఒకసారి వెళ్లి, ఎకనామిక్స్‌కూ స్టాటిస్టిక్స్‌కూ రెగ్యులర్ లెక్చరర్లు ఉన్నారా, కంప్యూటర్ ల్యాబు పిల్లలకు నిజంగా తెరుస్తున్నారా అని సీనియర్లను అడగండి. ప్రిన్సిపాల్ గదిలో దొరకని సమాచారం క్యాంటీన్ దగ్గర దొరుకుతుంది.

రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ. మీ పరిస్థితికి నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. ఇంటికి దగ్గర, ఫీజు తక్కువ, డిగ్రీ తర్వాత మళ్లీ పీజీ సీటు కోసం టెన్షన్ ఉండదు. సీయూఈటీ (కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్) ద్వారా ప్రవేశం. సీట్లు తక్కువ కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకుని మిగతావి వదలకూడదు.

మూడోది ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్. ఇదీ సీయూఈటీ ద్వారానే. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండి తీరాలి, సీయూఈటీలో కూడా మ్యాథ్స్ రాయాలి. శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, సెయింట్ స్టీఫెన్స్, హిందూ, హన్స్‌రాజ్, లేడీ శ్రీరామ్ లాంటి కాలేజీల్లో తోటి విద్యార్థుల స్థాయి చాలా ఎక్కువ. ఆ పోటీలో పిల్లలు ఎదుగుతారు. అదే పోటీ మొదటి సెమిస్టర్‌లో కొందరిని కుంగదీస్తుంది కూడా. ఇక్కడ కాలేజీ టాపర్‌గా వెళ్లిన ఒక అమ్మాయి మొదటి మూడు నెలలు రోజూ ఇంటికి ఫోన్ చేసి వచ్చేస్తానని ఏడ్చింది. పాఠం అర్థం కాక కాదు, తరగతిలో ఇంగ్లిష్‌లో నోరు విప్పలేక. వాళ్ల నాన్న నాకు ఫోన్ చేస్తే, సెమిస్టర్ పరీక్షలయ్యే వరకు ఆగమన్నాను. మ్యాథ్స్ పేపర్లో మంచి మార్కులు వచ్చాయి, ఆ తర్వాత నోట్సు కోసం తోటివాళ్లే ఆమె చుట్టూ చేరారు. మీ అమ్మాయిని పంపితే మొదటి సెమిస్టర్‌లో వచ్చే ఫోన్లకు మీరు, ఇంట్లోవాళ్లు సిద్ధంగా ఉండండి. ఖర్చు సంగతి కూడా చూసుకోవాలి. కాలేజీ ఫీజు కంటే అక్కడ ఉండటానికే ఎక్కువవుతుంది. హాస్టల్ సీటు అందరికీ రాదు.

నాలుగోది ప్రైవేటు యూనివర్సిటీలు. కొన్నిటిలో బోధన నిజంగా బాగుంటుంది, స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు. కానీ స్కాలర్‌షిప్ లేకుండా, అప్పు చేసి, ఎకనామిక్స్ డిగ్రీకి అంత ఫీజు కట్టమని నేను ఎవరికీ చెప్పను. తర్వాత పీజీకి కూడా డబ్బు మిగలాలి.

ఇది చదివే ఎంపీసీ పిల్లలకు ఒక మాట. ఐఐటీ బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్‌లలో నాలుగేళ్ల బీఎస్ ఎకనామిక్స్ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా. బిట్స్‌లో ఎమ్మెస్సీ ఎకనామిక్స్ హైదరాబాద్ క్యాంపస్‌లోనే ఉంది. వీటికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలి కాబట్టి ఎంఈసీ వాళ్లకు దారి లేదు. ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చి, మనసు ఇటు లాగుతున్నవాళ్లు మాత్రం కౌన్సెలింగ్‌లో ఈ ఆప్షన్లు తప్పకుండా చూడండి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు. మూడేళ్ల బీఏ ఎకనామిక్స్ ఒక్కటే పట్టుకుని, వేరే నైపుణ్యం ఏమీ లేకుండా బయటికొస్తే దొరికేవి ఏ డిగ్రీకైనా దొరికే ఉద్యోగాలే. అందుకే ఐదేళ్లు అన్నాను. ఎకనామిక్స్‌కంటూ ప్రత్యేకంగా ఉన్న తలుపులన్నీ పీజీ దగ్గర తెరుచుకుంటాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ 1961 నుంచి ఉంది. దానికి ఎకనామిక్స్‌లోగానీ ఎకనామెట్రిక్స్ లాంటి దగ్గరి సబ్జెక్టులోగానీ పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30 మధ్య. పోస్టులు చాలా తక్కువ, కానీ పోటీ పడేవాళ్లు కూడా సివిల్స్ అంతమంది ఉండరు. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగానికి గ్రేడ్ బి అధికారుల్ని వేరుగా తీసుకుంటారు, దానికీ పీజీయే. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులకూ పీజీ కావాలి, డిగ్రీ లెక్చరర్‌కు నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష కూడా.

సివిల్స్, గ్రూప్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. మన గ్రూప్-2లో నాలుగు పేపర్లలో ఒకటి పూర్తిగా ఎకానమీ, అభివృద్ధి మీదే, 150 మార్కులకు. ఎకనామిక్స్ చదివినవాళ్లకు అక్కడ మేలు జరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ సివిల్స్ కోసమే డిగ్రీ సబ్జెక్టు ఎంచుకోవడం నాకు ఇష్టం లేదు. పరీక్ష పోతే చేతిలో మిగలాల్సింది సబ్జెక్టే కదా. ఆశతో చేరి, మూడేళ్లూ కోచింగ్ నోట్సే చదివి, ఎకనామిక్స్ పుస్తకం తెరవకుండా డిగ్రీ పూర్తి చేసిన పిల్లల్ని చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రైవేటులో హైదరాబాద్ పరిస్థితి ఇరవై ఏళ్ల కిందటిలా లేదు. పెద్ద బ్యాంకులు, బీమా, కన్సల్టింగ్, రిటైల్ కంపెనీల డేటా పనులు ఇక్కడి నుంచే జరుగుతున్నాయి. నా దగ్గర మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదివిన ఒక అబ్బాయి, ఎంఏ చేశాక, ఒక బ్యాంకు అప్పుల రిస్కు లెక్కలు చూసే టీమ్‌లో చేరాడు. ఇంటర్వ్యూలో డిగ్రీ పర్సంటేజీ గురించి అడగలేదట. ఒక డేటా ఫైలు ఇచ్చి, అప్పు ఎగ్గొట్టేవాళ్లను ముందే ఎలా గుర్తిస్తావు, నీ మోడల్ తప్పని నీకెలా తెలుస్తుంది అని అడిగారట. అందుకే డిగ్రీలో ఉండగానే ఎక్సెల్ బాగా, డేటా పనికి వాడే ఆర్ లేదా పైథాన్ కొంత, ఎస్‌క్యూఎల్ కొంత నేర్చుకోవాలి. కోచింగ్ సెంటర్లకు వేలకు వేలు పోయాల్సిన పని లేదు. కేంద్ర గణాంక శాఖ తన సర్వేల ముడి డేటాను ఉచితంగా ఇస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో ఎనుమాముల మార్కెట్ రోజువారీ ధరలు దొరుకుతాయి. మీ అమ్మాయి డిగ్రీలో ఒక ప్రాజెక్టు చేయాల్సి వస్తే మిర్చి, పత్తి ధరల మీదే చేయమనండి. ఆ అంకెల వెనక ఉన్న కథ ఆమెకు తెలిసినంతగా ఢిల్లీలో పెరిగిన పిల్లకు తెలియదు.

విదేశాల గురించి కూడా చాలామంది అడుగుతారు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు తమ ఎకనామిక్స్ కోర్సుల్ని క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పేరుతో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలోకి మార్చాయి. ఆ కోర్సు చదివినవాళ్లకు ఇంజనీరింగ్ వాళ్లలాగే పని అనుమతి మొదటి ఏడాదికి తోడు మరో రెండేళ్లు పొడిగించుకునే వీలుంది. నియమాలు మారుతుంటాయి, అప్లై చేసే సమయానికి చూసుకోవాలి. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే డిగ్రీలో లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ తప్పనిసరిగా చదివి ఉండాలి. మన కాలేజీల్లో ఇవి మ్యాథ్స్ సబ్జెక్టు కిందే వస్తాయి. కాంబినేషన్‌లో మ్యాథ్స్ ఉండాలని పట్టుబట్టడానికి ఇది ఇంకో కారణం.

తెలుగువాళ్లలో ఈ దారిలో ఎవరు పైకి వచ్చారని మీ బంధువులు అడిగితే ఇలా చెప్పండి. 2003 నుంచి 2013 వరకు పదేళ్లపాటు వరుసగా ఇద్దరు తెలుగువాళ్లు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్లుగా ఉన్నారు. వై.వి. రెడ్డి గారు మద్రాస్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎంఏ చేసి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు. దువ్వూరి సుబ్బారావు గారు ఐఐటీలలో ఫిజిక్స్ చదివి, ఐఏఎస్‌లోకి వచ్చి, ఆ తర్వాత అమెరికాలో ఎకనామిక్స్ పీజీ, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. మన తెలంగాణ నుంచే సి.హెచ్. హనుమంతరావు గారు వ్యవసాయ ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకుని ప్రణాళికా సంఘం సభ్యులయ్యారు. అందరూ అంతవారు కావాలని కాదు, ఈ చదువు మనవాళ్లకు కొత్తదీ కాదు, చిన్నదీ కాదు అని చెప్పడానికి రాస్తున్నాను.

సీఏ సంగతి కూడా రాశారు. సీఏ మంచి చదువే. పూర్తి చేస్తే చేతిలో ఒక లైసెన్సు ఉంటుంది, ఎకనామిక్స్‌లో అలాంటిది లేదు. కానీ సీఏకి అవసరమయ్యే ఓపిక వేరు. చట్టాలు, ప్రమాణాలు, పద్దులు ఏళ్ల తరబడి చదవాలి. మీ అమ్మాయికి కామర్స్ పేపరు ఇష్టంగా ఉందా, ఎకనామిక్స్, మ్యాథ్స్ ఇష్టంగా ఉన్నాయా అన్నది మొదటి సంవత్సరం చదివేశాక ఆమెకు తెలిసే ఉంటుంది. ఇష్టం లేని పిల్లను సీఏలో చేర్పించి, సీఏ ఇంటర్మీడియెట్ పరీక్షల గ్రూపుల దగ్గర ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు మీ చుట్టూ కూడా ఉంటాయి. లెక్కలు ఇష్టమై, ఆడిటింగ్ ఇష్టం లేకపోతే యాక్చువరీ (బీమా, పెన్షన్ల రిస్కు లెక్కలు వేసే నిపుణుల) పరీక్షలు కూడా ఉన్నాయి. ఎకనామిక్స్ డిగ్రీతో పాటు వాటిని మొదలుపెట్టొచ్చు.

ఈ ఏడాది చేయాల్సినవి. రెండో సంవత్సరం మార్కులు ఎలాగూ ముఖ్యమే. దాంతో పాటు సీయూఈటీకి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఎకనామిక్స్ పుస్తకాలు, పన్నెండో తరగతి మ్యాథ్స్ పుస్తకం తెప్పించండి, ధర కూడా తక్కువే. పదకొండో తరగతి పుస్తకాల్లో స్టాటిస్టిక్స్ మీద ఒకటి విడిగా ఉంటుంది, అది ముందు చదవమనండి. మన ఇంటర్ మ్యాథ్స్‌లో లేని లీనియర్ ప్రోగ్రామింగ్ అధ్యాయం సీయూఈటీలో వస్తుంది. కష్టమైనదేమీ కాదు, పది రోజుల్లో నేర్చుకోవచ్చు, కానీ ఉందని తెలియక పరీక్షలో చూసి కంగారుపడే పిల్లలున్నారు. దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు ముందే మొదలవుతాయి. ఆ హడావుడిలో గడువు దాటిపోయే ప్రమాదం ఉంది కాబట్టి జనవరి నుంచే వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. ఏ యూనివర్సిటీకి ఏ సబ్జెక్టులు రాయాలో దరఖాస్తు నింపేటప్పుడే ఎంచుకోవాలి. మ్యాథ్స్ పెట్టడం మర్చిపోతే ఢిల్లీ ఆనర్స్‌కు తర్వాత చేయగలిగింది ఏమీ ఉండదు. సీయూఈటీ రాసినా దోస్త్ రిజిస్ట్రేషన్ మాత్రం మానొద్దు, సీయూఈటీ ఫలితాలు ఆలస్యమైతే చేతిలో ఒక సీటు ఉండాలి.

మీ అమ్మాయికి మొదటి సంవత్సరంలో 1ఎ, 1బిలో ఎన్ని మార్కులు వచ్చాయో, ఇంగ్లిష్ పుస్తకం తనంతట తాను చదవగలదో లేదో, ఏడాదికి ఎంతవరకు ఖర్చు పెట్టగలరో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి ఏ కాలేజీలు ఏ వరుసలో పెట్టుకోవాలో చెబుతాను. వీలైతే ఆ ప్రశ్న మీ అమ్మాయినే స్వయంగా రాయమనండి.